పదో ఏటి ప్రశ్నలు

"నువ్వు తర్వాత నెమ్మదిగా తిందువుగానిలే, దయా," అన్నాడు రాజారత్నం భార్యతో, ముద్ద కలుపుకుంటూ. అవనిగడ్డ నుంచి బందరు వచ్చిన మరిది బెంజమిన్, తోటికోడలు ఝాన్సీ బల్ల దగ్గర కూర్చున్నారు. దయామణి రొయ్యల ఇగురు వడ్డిస్తోంది.

ఆ మాటలో ప్రేమ లేదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పదకొండేళ్ళ కిందట చెవి వెనక గడ్డ తీసినప్పుడు ముఖనాడి తెగి, ఎడమ చెంప వేలాడిపోయింది. మరుసటి ఏడు తొడలోని కండ తీసి చెంపలో అమర్చి, నమలడానికి పనికొచ్చే నాడితో కలిపారు. నవ్వాలంటే పళ్ళు బిగించాలి. ఆర్నెల్లపాటు అద్దం ముందు "బిగించు, దయా, ఇంకొంచెం" అంటూ తనూ బిగించి, దవడలు నొప్పెట్టి మజ్జిగన్నంతో సరిపెట్టుకున్న మనిషి రాజారత్నం. ఇప్పుడామె నవ్వాలనుకుంటే చాలు, చెంప దానంతటదే లేస్తుంది. నమిలినప్పుడూ లేస్తుంది.

కోడూరులో, అత్తగారు పోయాక పెట్టిన ఆదరణ కూడికలో జరిగింది అదే. ప్రార్థన అయ్యాక బంతిలో కూర్చుని ఆమె మొదటి ముద్ద నమిలింది. "అత్త పోతే కోడలి మొహం ఎట్టా వెలిగిపోతుందో చూశారా?" అంది ఎదుటి వరుసలోని పెద్దావిడ. "నములుతోందమ్మా" అన్న ఒక్క మాటతో తీరిపోయే సంగతి. చెప్పవలసినవాడు పక్కనే ఉన్నాడు. "నువ్వు లోపలికెళ్ళి తిను, దయా," అన్నాడు ఎంతో మృదువుగా. గద్దిస్తే ఎదిరించేదేమో, బతిమాలినట్టు చెప్పేసరికి విస్తరి పట్టుకుని లేచింది. ఎనిమిదేళ్ళుగా అదే నియమం: పెళ్ళిళ్ళలో, క్రిస్మస్ విందుల్లో, చివరికి తను వండిన ఈ బల్ల దగ్గర కూడా.

ఫోన్ మోగింది. రాజారత్నం ఎడమచేత్తో స్పీకరు నొక్కాడు.

"డాక్టర్ పూర్ణిమనండి, విజయవాడ నుంచి. దయామణిగారి ఆపరేషనై పదేళ్ళయింది కదండీ, ఎలా ఉన్నారో రాసుకోవాలి. కన్ను పూర్తిగా మూసుకుంటోందా?"

"కొంచెం సందుంటదండి. రోజూ నేనే చుక్కలు వేస్తాను."

"నీళ్ళు తాగితే కారుతున్నాయా?"

"చుక్క కారదండి."

"నవ్వు ఎలా ఉంది?"

"మా అన్నయ్య నవ్వుకన్నా మా వదిన నవ్వే నయమండి," అని బెంజమిన్ అందుకున్నాడు. అందరితోపాటు దయామణీ నవ్వింది.

"నలుగురితో కలిసి కూర్చుని భోంచేస్తున్నారా?"

"ఆఁ, శుభ్రంగా," అన్నాడు రాజారత్నం.

ఝాన్సీ చేతిలో ముద్ద ఆగిపోయింది. దయామణి గరిటె కింద పెట్టింది. తొడ కోయించుకున్నది తను. నెలల తరబడి నొప్పి భరించినది తను. జవాబు మాత్రం ఆయనది. తల దించుకున్న భర్తను చూస్తే కోపంకన్నా ముందు జాలి కలిగింది. జాలి కలిగినంత మాత్రాన ఊరుకోనక్కర్లేదని కూడా తోచింది.

"నేను దయామణినమ్మా. ఆయన చెప్పింది నిజం కాదు. నేను నలుగురిలో తిని ఎనిమిదేళ్ళయింది. నమిలితే చెంప లేస్తుంది. నవ్వుతున్నాననుకుంటారని ఈయనకి బెరుకు."

"అయితే, లేదని రాసుకోమంటారా?" అంది డాక్టరు.

దయామణి కుర్చీ లాక్కుని భర్త ఎదురుగా కూర్చుంది. రాజారత్నం లేచి, చెయ్యి కడుక్కుని, ఆమెకు కంచం తెచ్చి పెట్టాడు.

"ఇప్పుడే రాయకండమ్మా," అంది. "అరగంట ఆగి మళ్ళీ ఫోన్ చేయండి. ఈసారి నన్నే అడగండి."