పోస్టు రాకముందే విందు

మా బల్గేరియాలో ఉద్యోగం వచ్చినవాళ్ళే విందు ఇవ్వాలి, అదీ అక్కడికక్కడే. అందుకని పొద్దున్నే లేచి రెండు పళ్ళేల బనిత్సా, అదే మా చీజు రొట్టె, కాల్చాను, మా మామగారు కాచిన రకియా సారా సీసా వెంట తెచ్చాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వితే నవ్వండి. మా యూనివర్సిటీలో ఆ కెమిస్ట్రీ పోస్టుకి నిలబడింది ఇద్దరమే, నేనూ యావరూ. యావర్‌కి ల్యాబ్‌లో పని నేర్పిందే నేను. పైగా కమిటీకి పెద్ద రదోస్తినా మేడమ్, నాతో పీహెచ్‌డీ చేయించిన మనిషి. ఈ పోస్టు రాకపోతే జూన్‌తో నా కాంట్రాక్టు సరి, తాళాలు ఇచ్చేసి ఇంటికి పోవడమే.

కమిటీ గది తలుపు తెరుచుకుంది. మేడమ్ నా మొహం చూడకుండా ఒక్క పేరు చెప్పారు. యావర్.

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. వాడూ నోరు వెళ్ళబెట్టాడు.

"పొరపాటేమో మేడమ్, ఇంకోసారి చూడండి," అన్నాడు పాపం.

"పొరపాటేం లేదోయ్, అందరం ఒకే మాట," అన్నారు డీన్‌గారు, అప్పటికే బనిత్సా ముక్క తుంచుకుంటూ. "కానివ్వండి, చల్లారిపోతోంది!"

నా విందు వాడి విందైపోయింది. ఏడిస్తే మరీ లోకువని రకియా గ్లాసులో పోసుకుని ఎత్తాను.

"తాగకు జోర్నిత్సా!" మేడమ్ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "కడుపుతో ఉండి ఏమిటే ఆ పని?"

"ఎవరు మేడమ్ కడుపుతో ఉన్నది?"

"నా దగ్గరా దాపరికం? మొన్న మా ఆయన పేరుపండగ విందుకి వచ్చి చుక్క ముట్టలేదు. ఆమాత్రం తెలీదా నాకు?"

"పన్ను పీకించుకున్నాను మేడమ్. మందులు వాడుతున్నానని తాగలేదు."

నమిలే నోళ్ళన్నీ ఆగిపోయాయి. డీన్‌గారు మేడమ్ వంక చూశారు. అప్పుడర్థమైంది నాకు. ఆ గదిలో ఇంతసేపూ వాళ్ళు మాట్లాడుకున్నది నా పరిశోధన గురించి కాదు, నాకు లేని కడుపు గురించి. చెప్పింది ఈవిడే!

"నీ మంచికే చెప్పానే తల్లీ," అన్నారు మేడమ్. "పసిబిడ్డతో ఆ క్లాసులూ ల్యాబూ ఎక్కడ నెగ్గుకొస్తావని... అయ్యో, పన్నని ఒక్క మాట ముందే అనొచ్చు కదా!"

"సరే, కడుపే అనుకోండి. అయితే ఏంటి?"

డీన్‌గారు మూతి తుడుచుకుని, చిన్నపిల్లకి నచ్చజెప్తున్నట్టు దగ్గరికొచ్చారు.

"అది కాదమ్మా. అవతల యావర్ భార్యకి నెలలు నిండాయి. వాడికి ఉద్యోగం కావాలా వద్దా, నువ్వే చెప్పు."