బేస్‌మెంట్ కిటికీ

ఎవరో కొనబోయే ఇళ్ల కింద నేలలో కట్టిన బేస్‌మెంట్లలో రేడాన్ కొలిచే పెట్టె పెట్టడం, రెండు రోజులయ్యాక వచ్చి తీసుకుపోవడం. ఇరవై రెండేళ్లుగా అమెరికాలోని అయోవాలో నా బతుకు ఇదే. నేలలోంచి ఊరే ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. పెట్టెలో అంకె నాలుగు దాటిందంటే ఇల్లు బాగుచేయించుకోవాలి. ఆ రెండు రోజులూ కిటికీలు మూసి ఉంచండి మహాప్రభో అని మొత్తుకుంటాను. అమ్మేవాళ్లు బుద్ధిగా తలూపుతారు, నేను వీధి మలుపు తిరగ్గానే, వాయువు బయటికి పోయి అంకె తగ్గాలని తెరుస్తారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. మెట్లు దిగాలంటే మోకాళ్లు కూడా మొరాయిస్తున్నాయి.

గ్లెండా గారింట్లోనూ అదే తంతు. ఫిబ్రవరి చలిలో బేస్‌మెంట్ రెండుసార్లు ఒక్కసారిగా చల్లబడినట్టు పెట్టెలో నమోదైంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషికి ఇదేం బుద్ధి అని ఒళ్లు మండింది.

"కిటికీ తీశారు కదమ్మా."

"తీశాను," అంది ఆవిడ, నాకు కాఫీ పోస్తూ.

"అంకె పెద్దదొస్తే కొనేవాళ్లు ధర తగ్గిస్తారనా? ఇప్పుడు మళ్లీ రెండు రోజులు పెట్టాలి. రానూపోనూ అరవై మైళ్లు నాకు."

"ఎంతకి పోతే నాకేంలే డ్వేన్. కూర్చో నాయనా. మా ఆయన హార్లన్ గురక పెట్టేవాడు, ట్రాక్టరు స్టార్ట్ చేసినట్టు. నాకు నిద్ర పట్టట్లేదని ఆయన మంచం నేనే కింద బేస్‌మెంట్లోకి వేయించాను. పంతొమ్మిదేళ్లు అక్కడే పడుకున్నాడు. సిగరెట్టన్నది ముట్టి ఎరగడు. పోయినేడు ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయాడు. నువ్వొచ్చి ఆ పెట్టె పెట్టేదాకా నాకు తట్టనే లేదు. అంకె చిన్నదొస్తే బావుండుననిపించింది. అంతే."

నా కోపం ఎటు పోయిందో. సిగ్గేసింది కూడా. కొనేవాళ్లకు ఏడాది పాప ఉందనీ, పెట్టె మళ్లీ పెట్టక తప్పదనీ నెమ్మదిగా చెప్పాను.

"పెట్టు. ఈసారి ఆ కిటికీ జోలికి పోను," అంది.

పోలేదు. రెండు రోజుల తర్వాత అంకె ఇరవై మూడు వచ్చింది. ఫలితం డబ్బు కట్టిన కొనేవాళ్లకే చెప్పాలని నియమం. కానీ ఆవిడ మెట్ల పైనే నిలబడి ఉంది.

"ఎక్కువేనా?"

"ఎక్కువేనమ్మా."

"దానివల్లే పోయాడంటావా?"

"అది నేనే కాదు, ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు."

అబద్ధం కాదు. అయినా ఆవిడ మొహం చూడలేకపోయాను. ఏదో ఒకటి చెప్పి ఊరడించాలని తొందరపడ్డాను.

"మీరు దిగులు పెట్టుకోకండి. ఆ పాపకేం భయం లేదు. నేలకి కన్నం పెట్టి, ఓ గొట్టం, ఓ ఫ్యానూ బిగిస్తే సరిపోతుంది. ఒక్క పూట పని."

ఆవిడ మెట్ల కమ్మీ పట్టుకుని, కింద హార్లన్ మంచం వేసిన చోటుకేసి చూసింది.

"ఒక్క పూటేనా?" అంది.