అద్దంలో కండక్టరు

కాలు కదలనివాడికి కాలం కదలదంటారు గానీ, కోటేశ్వర్ విషయంలో అది పచ్చి అబద్ధం. కాలు సిమెంటు కట్టులో బిగుసుకుపోయి ఉంది. కాలం మాత్రం ట్యాంకు నిండా డీజిలు కొట్టించుకున్నట్టు పరుగెడుతోంది.

నాలుగింటికి ఆత్మకూరు బస్టాండు నుంచి ఉదయగిరి బస్సు బయల్దేరుతుంది. కండక్టరు కరీముల్లాకు ఇదే ఆఖరి డ్యూటీ. సొంతూరు ఉదయగిరిలో దిగాడంటే రిటైరు. బస్సుకైతే రీటైరు వేసి మళ్లీ తిప్పుతారు, మనిషికి ఆ సౌకర్యం లేదు. ఆ బస్సు కోటేశ్వర్ ఇంటి ముందు స్పీడు బ్రేకరు దగ్గర ఎటూ నెమ్మదిస్తుంది. ఆలోగా గ్రీటింగు కార్డు తయారు కావాలి. అప్పటికే మూడు దాటింది.

మొన్నటిదాకా ఆ బస్సుకు డ్రైవరు కోటేశ్వరే. ఏళ్ల తరబడి ఇద్దరిదీ ఒకటే రూటు, ఒకటే క్యారియరు. వేసవిలో వింజమూరు బస్టాండులో ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని సీటెక్కబోయి కోటేశ్వర్ జారిపడ్డాడు. కాలు బ్రేకయింది, బ్రేకు తొక్కే పని తప్పింది. జారింది తన చెప్పే. కానీ చెప్పు సంగతి చెప్పుకోలేక, చూడ్డానికొచ్చిన డిపో వాళ్లందరికీ కరీముల్లా తొందరపడి విజిలు ఊదాడనీ, ఆ కంగారులో పడ్డాననీ ఊదరగొట్టాడు. ఆ మాట కరీముల్లా చెవిదాకా పోయింది. ఆయన ఎదురు మాట అనలేదు, చూడ్డానికి రాలేదు, ఫోనెత్తలేదు. ఆ పడడంలో కాలూ విరిగింది, స్నేహమూ విరిగింది. డాక్టరు కట్టు కట్టింది ఒక్కదానికే.

బజారులో పిల్లల పుట్టినరోజు కార్డులు తప్ప ఇంకేమీ దొరకలేదు. ఫోను తెరిస్తే వీడియోలో ఒక అమ్మాయి చిరునవ్వు చెదరకుండా ముద్ర గుద్దింది, కాగితం మీద కాగితం పొరలుగా అంటించింది, అయిపోయిందంది. సర్వీసు మొత్తంలో మేకపిల్లను కూడా గుద్దని డ్రైవరు, ఇవాళ గుద్దక తప్పదని తీర్మానించుకున్నాడు.

ముద్ర చెక్కడానికి మొదట పాత హవాయి చెప్పు తీసుకున్నాడు. భార్య రేణుకాదేవి వంటింట్లోంచి వచ్చి దాన్ని లాక్కుంది.

"మనిషి బొమ్మను చెప్పు మీద చెక్కతావా? ఉన్న తగువు చాల్లేదా నీకు?"

నిజమే. క్షమాపణ కాస్తా కేసయ్యేది. ఆమే కొట్టుకు పోయి, పెన్సిలు గీతలు చెరిపే పెద్ద రబ్బరు తెచ్చిచ్చింది. కోటేశ్వర్ కళ్లు మూసుకుని కరీముల్లాను తలుచుకున్నాడు. గుబురు మీసం, మెడలో టికెట్ల మిషను, పక్కకు వేలాడే తోలు సంచి. తలుచుకున్నది తలుచుకున్నట్టు బ్లేడుతో చెక్కాడు. మీసం దగ్గర బ్లేడు జారి వేలు తెగింది. వేలు చీకుతూనే గడియారం చూశాడు. మూడున్నర.

పొరల కోసం పాత పెళ్లికార్డులు కత్తిరించాడు. కింద మీగడ రంగు అట్ట, దానిమీద ఎర్రది, అన్నిటికంటే పైన బొమ్మ గుద్దాల్సిన తెల్ల కాగితం. పైపొర ఎత్తుగా నిలబడాలని మధ్యలో థర్మకోలు ముక్కలు. ఎర్రట్ట వంకరగా అంటుకుంది. పీకితే సగం చిరిగింది. ఆ చిరుగు కనపడకుండా ఇంకో ముక్క అంటించాడు. అట్లా పొర మీద పొర, పొరపాటు మీద పొరపాటు పేరుకుని కార్డు కాస్తా చపాతీ నుంచి పరోటా అయింది. ఇంతా చేస్తే పొరపొచ్చాలు పోవడానికేనాయె.

ఊదారంగు ప్యాడు మీద రబ్బరు అద్ది, ఊపిరి బిగబట్టి తెల్ల కాగితం మీద గుద్దాడు. ఎత్తి చూశాడు. మనిషి కరీముల్లాయే. సంచి మాత్రం అవతలి పక్కకు పోయింది.

రేణుకాదేవి తొంగిచూసి బాగానే వచ్చిందంది. ఆయన సంచి ఆ పక్కేగదా అని కూడా అంది. కోటేశ్వర్‌కు ఒళ్లు మండింది. రోజూ చూసిన మొహం తనకు తెలియదా?

"నువ్వు చూసింది అద్దంలో గదయ్యా," అంది ఆమె. "బస్సు తోల్తా ఎప్పుడన్నా ఎనక్కి తిరిగినావా?"

టీ తాగేటప్పుడు ఎదురుగా చూడలేదా అని కోటేశ్వర్ ఎదురు తిరగబోయాడు. తీరా ఆలోచిస్తే టీ దగ్గర సంచి సీటు మీదే ఉండేది. అయినా మనసు ఒప్పలేదు. ఇంకో రబ్బరు చెక్కుదామంటే టైము లేదు. సిరా ఆరిందా అని వేలు పెట్టి చూశాడు. ఆరలేదు, మీసం చెవిదాకా పాకింది. ఊదాడు, విసనకర్రతో విసిరాడు, ఫ్యాను పెంచాడు. పెంచిన ఫ్యానుకు కార్డు ఎగిరి మంచం కిందకు పోయింది. రేణుకాదేవి వంగి తీసిచ్చేలోపు మలుపులో హారను వినపడింది. ఆ హారను ఏ బస్సుదో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఊతకర్ర చంకలో పెట్టుకుని, కార్డు పళ్లతో పట్టుకుని, కుంటుకుంటూ రోడ్డు మీదకొచ్చి బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. కొత్త డ్రైవరు గుర్తుపట్టి ఆపాడు. కరీముల్లా మెట్టు దిగి ఎదురుగా నిలబడ్డాడు.

సంచి బొమ్మలో ఉన్న పక్కే ఉంది. అద్దం తిప్పి చూపినదాన్ని ముద్ర మళ్లీ తిప్పేసింది. కోటేశ్వర్ కార్డునూ మనిషినీ మార్చి మార్చి చూసి, కార్డు చేతికిచ్చాడు. కరీముల్లా దాన్ని అటూ ఇటూ తిప్పాడు, ఎండకు పెట్టి చూశాడు.

"మీసం ఏందిరా చెవులోకి పోయింది?"

"తడి ఆరకముందే వేలు పెట్టినాను."

"తొందర నీదేనన్న మాట."

ముద్ర సరిగ్గా పడింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఇంత శ్రమపడి చేసిన కార్డు తన తరఫున మాట్లాడుతుందని కోటేశ్వర్ ఆశపడ్డాడు. కార్డు మాట్లాడలేదు.

"నువ్వు విజిలు ఊదలేదురా కరీమా," అన్నాడు. "నా చెప్పు జారింది. సిగ్గయి నీ మీద పెట్టినాను."

కరీముల్లా కార్డును తోలు సంచిలో పెట్టుకున్నాడు. వెనక లారీవాడు హారను మోగించాడు.

"నాకు చెప్తే ఏం లాభం? నాకు ముందే తెలుసు. ఉదయగిరిలో సన్మానం పెట్టినారు. రెండు డిపోల వాళ్లూ వస్తారు. ఆడ మైకులో చెప్పు."

మైకు అనగానే కోటేశ్వర్ ఊతకర్రను ఇంటివైపు తిప్పాడు. కట్టుతో ఇంత దూరం ఏం పోతావని రేణుకాదేవి గడపలోంచి అరుస్తోంది. కరీముల్లా జవాబు కోసం ఆగలేదు. ఊతకర్ర లాక్కుని లోపల పెట్టి, చంకలో చెయ్యి వేసి ఎత్తాడు. ముందు సీటులో వాళ్లు జరిగి కట్టుకాలు చాపుకోనిచ్చారు.

బస్సు కదిలింది. కోటేశ్వర్ మైకులో చెప్పాల్సిన మాట పెదాల మీదే కూడబలుక్కుంటున్నాడు. వింజమూరు ఇంకా రాలేదు, అప్పుడే రెండుసార్లు తప్పాడు.