స్పెయిన్ తల్లికి సుభద్రమ్మ మొర

నేను రోములో పుట్టిన ఒక బంగారు నాణేన్ని. పంతొమ్మిది వందల ఏళ్లు కావస్తున్నా మెరుపు తగ్గలేదు, నా గొప్ప నేనే చెప్పుకోవాలి మరి. నన్ను అచ్చు వేయించిన గడ్డం చక్రవర్తికి ఊళ్లు తిరగడం సరదా. చూసొచ్చిన దేశాలను ఆడవాళ్లుగా మలిచి నాణేలకెక్కించాడు. ఈజిప్టుకు కొంగను, ఆఫ్రికాకు తేలును తోడిచ్చాడు. నా వీపు మీద స్పెయిన్ హాయిగా ఒరిగి పడుకుని ఉంటుంది. ఎదురుగా ఓ కుందేలు.

సన్నబట్టల బేరానికి ఓడెక్కి కృష్ణాతీరం చేరి, మట్టిలో పడి నిద్రపోయాను. జగ్గయ్యపేట దగ్గర పొలం దున్నుతూ ఒకాయన నన్ను లేపాడు. ఆయన కోడలు సుభద్రమ్మ నన్ను లక్ష్మీదేవి అనుకుని దేవుడి గూట్లో పెట్టి, ముప్పై ఏళ్లు పసుపు పూసింది. కుందేలు అందులో పూర్తిగా మునిగిపోయింది.

మొన్న ఆవిడ కొడుక్కి పెళ్లయింది. పదహారు రోజుల పండక్కి కొత్తకోడలు వకుళ పుస్తెల పక్కన గుచ్చే బంగారు గుండ్లు చేయించడానికి అత్తాకోడళ్లు కంసాలి వీరాచారి దగ్గరికి వెళ్లారు. పనిలో పనిగా నాకూ మెరుగు పెట్టించాలని తీసుకెళ్లారు. ఆచారి చింతపండుతో తోమాడు.

"అమ్మా, ఇక్కడ కుందేలుందేంటి?"

వకుళ ఎగిరి గంతేసినంత పని చేసింది. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! అత్తయ్యగారూ, ఈవిడ లక్ష్మి కాదండీ, స్పెయిన్ దేశం. కాలేజీలో చదువుకున్నాం."

"దేశమా? దేశం పడుకుంటుందా?" సుభద్రమ్మ ముఖం చిన్నబోయింది. "అయితే కరిగించెయ్ ఆచారీ. గుండ్లకి బంగారం చాల్లేదన్నావుగా."

వకుళ నాలుక కరుచుకుంది. "వద్దండీ! నాకు పసుపుతాడు చాలు."

"ఏం మాటలే అవి, పండగ ముందర!"

ఆచారి నన్ను మూసలో వేసి కుంపటి మీద పెట్టాడు. సామ్రాజ్యం కూలినప్పుడు కూడా చలించని నాకు చెమటలు పట్టాయి.

"ఆగు," అంది సుభద్రమ్మ. "మావాడి టైఫాయిడ్ తగ్గాలని మొక్కాను, తగ్గింది. చక్కని కోడలు కావాలన్నాను, వచ్చింది. మరి ఇవన్నీ ఎవరిచ్చినట్టు?"

"నన్నడిగితే ఏం చెప్పనమ్మా! ఊదమంటారా, మానమంటారా?"

ఆవిడ వేలి ఉంగరం లాగి ఇచ్చింది. "దాన్ని తీసి ఇది వెయ్యి."

బయటికి రాగానే వకుళ నడివీధిలో అత్తగారిని వాటేసుకుంది.

మర్నాడు దీపం పెట్టి, కోడలు చుట్టుపక్కల లేదని చూసుకుని, సుభద్రమ్మ నా మీదికి వంగింది.

"తల్లీ, నీకు తెలుగు వచ్చా?"

ముప్పై ఏళ్లుగా వింటున్నాం. కుందేలుకు కూడా వచ్చేసింది.