మోత ఆగిన చోట

తెరుస్తుంది, తెరవకపోతే సినిమా ఎట్లా నడుస్తుంది, అదిగో గడియ మీద చెయ్యి వేసింది, వద్దే తల్లీ అని హాలంతా అరుస్తున్నా ఆ హీరోయిన్‌కు వినపడదు, నేనైతే ఆ గది ఛాయలకే పోను, పోను అనడానికి నాకు నోరెక్కడిది, ఆషాఢం నుంచి మా ఇంట్లో మగ్గం గది తలుపు తీయనిదాన్ని, ఈ పిల్లే నయం, వణుకుతూ అయినా తీస్తోంది, పక్కన మోనిక పాప్‌కార్న్ నములుతూ మోచేత్తో పొడిచి, ఈ బంగళా మన కార్వేటినగరం ప్యాలెస్ మాదిరే ఉండాది గదా వదినా అంటోంది, నా ఆడబిడ్డ, తిరుపతిలో నర్సింగ్ చదువుతోంది, చెంప మీద కుట్లు డాక్టరుకు చూపిద్దాం రమ్మని నన్ను నగరి నుంచి పిలిపించి, చూపించాక తిన్నగా ఈ మధ్యాహ్నం ఆటకు లాక్కొచ్చింది, దయ్యం సినిమానా మోనీ, నాకుండే భయం చాల్లేదా అంటే, ఇదీ ఇంజెక్షనే వదినా, ఒక్క సారి సురుక్కుమంటాది అంతే అని నవ్వింది, నవ్వుతుంది, దానికేం, ఈ సాయంత్రం పాత మగ్గాలు కొనే మురుగేష్ టెంపో తెచ్చి విప్పుకుపోయేది నా మగ్గం కదా, పెళ్ళైన ఏడాదే మా ఆయన ఏకాంబరం నా కోసం నిలబెట్టిన మరమగ్గం, పోగు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆషాఢంలో ఓ రోజు దారి తప్పి ఎగిరింది, దాని ఇనప మొన కంటి కింద తగిలింది, ఇంకాస్త పైకి తగిలి ఉంటే కన్నే పోయేది, అప్పటి నుంచి ఆ గది గడియ దాకా పోయిన చెయ్యి వెనక్కొచ్చేస్తుంది, వద్దులే మే, నువ్వు వణికేది నేను సూడలేను, అమ్మేస్తాం అన్నాడాయన, నేను తలూపాను, ఎందుకు ఊపాను.

ఆగిపోయింది, సంగీతం ఉన్నట్టుండి ఆగిపోయింది, నేనూ మోనికా ఒకేసారి సీట్లోంచి లేచినంత పని చేశాం, వెనక కాలేజీ పిల్లల్లో ఒకడు, ఏమక్కా, దయ్యం ఇంకా మేకప్పేసుకుంటా ఉండాది, మీరప్పుడే ఎగిరినారే అని ఇకిలించాడు, మోనిక తిరిగి, మాది నగరి అబ్బా, మోత ఆగితేనే మాకు దడ అంది, అవును, మగ్గాల మోతలో పుట్టి ఆ మోతలోనే నిద్రపోయేవాళ్ళం, ఆగిందంటే పోగు తెగిందో, కరెంటు పోయిందో, ఎవరి చెయ్యి ఇరుక్కుందో అని పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తేవాళ్ళం, ఇంతలో తెర చీల్చుకుని వచ్చినట్టు వచ్చింది దయ్యం, కేకలు, వెనకవాడు అమ్మో అని నా సీటును తన్నాడు, మాకేమో నవ్వు, ఏం తమ్ముడూ, మేకప్ బాగుండాదా అని మోనిక అడిగితే హాల్లో సగం మంది నవ్వారు, అందరూ తెర వదిలేసి పక్కవాళ్ళ మొహాలు చూసుకుంటున్నారు, వచ్చింది, పోయింది, మనం ఉన్నాం, ఇందుకేనేమో టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తారు, ఇక్కడ నిశ్శబ్దం ఎంతసేపో సాగదు, దాచిపెట్టింది ఏదైనా బయటికి రాక తప్పదు, వచ్చాక అది మొహానికి రంగు పూసుకున్న మనిషంత మాత్రమే.

మరి మా ఇంట్లో దాగింది ఎప్పుడు బయటికొస్తుంది, వీధంతా మగ్గాలు ఆడుతుంటే మా ఇల్లొక్కటే మూగగా కూర్చుంది, నాడె తగిలింది ఒక్క క్షణం, రక్తం, కుట్లు, అయిపోయింది, మిగతాదంతా ఈ ఎదురుచూపే, పొద్దున లేస్తే దడ, అన్నం తింటుంటే దడ, నేనే మోత ఆపి, నేనే ఆ నిశ్శబ్దంలో కూర్చున్నాను, మగ్గం పోతే ఇది తీరుతుందా, గది ఖాళీ అవుతుంది, మోత లేని ఇల్లు అట్లాగే ఉంటుంది.

ఇంటర్వెల్ లైట్లు వెలిగేలోపే బయటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను, మురుగేష్‌ని రావద్దను, ఏమైంది మే, సినిమాలో దయ్యం పట్టిందా, ఎగతాళి తర్వాత, ముందు నాడె ఎగిరినా బయటికి రాకుండా పక్కన జాలీ కట్టించు, రాత్రికి వచ్చి నేనే స్విచ్చేస్తా, నీకు భయం పోయినాదా, పోలేదు, అట్లైతే ఎట్లా మే, భయంతోనే నడుపుతా, చెయ్యి వణికితే వణకనీ, అవతల కాసేపు ఏమీ వినపడలేదు, ఆ కాసేపూ నాకు దడ రాలేదు, సరే, మగ్గాలు బాగుచేసే మునెయ్యని పిలుస్తా, జాలీ వాడే బాగా కడతాడు అన్నాడు, లోపల మళ్ళీ ఆట మొదలైంది, మోనిక రా వదినా అని పిలుస్తోంది, పోతాను, కళ్ళు తెరిచే చూస్తాను, నేను ఇన్నాళ్ళూ భయపడింది నాడెకు కాదు, అది ఎగరని, ఏమీ జరగని, ఏదో జరుగుతుందని కూర్చున్న ఆ మూగ ఇంటికి.