దస్తీ తీయని సీటు

మా ఆఫీసులో దానికి దస్తీ అని పేరు పెట్టింది నేనే. పరకాల బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి చేతిరుమాలు, అదే దస్తీ, వేసి సీటు ఆపుకుంటాం కదా, దవాఖాన బుకింగ్ కోసం నేను రాసిన కంప్యూటర్ స్క్రిప్టు చేసేదీ అదే. దవాఖానలో డయాలసిస్ మిషన్లు నాలుగు. పేషెంటు ఫోన్లో టైం నొక్కగానే ఒక మిషన్ మీద దస్తీ పడుతుంది. వివరాలన్నీ నింపితే ఆ మిషన్ అతనిది. నింపకపోతే దస్తీ తీసెయ్యాలి. ఆ తీసే లైను స్క్రిప్టు చివర ఉంది.

మధ్యలో నెట్ పోతే? స్క్రిప్టు అక్కడికక్కడే చచ్చిపోతుంది, చివరి దాకా రాదు. ఎలా ఆగినా సరే దస్తీ తీసెయ్యమని ఇంకో ముక్క వేరుగా రాయాలి. నాకు తెలుసు. మేనేజర్ భానుచందర్‌కి చెప్పాను కూడా.

“సోమవారం ఓపెనింగ్ పెట్టుకొని ఇప్పుడు గదంత ఎందుకు దీప్తీ? తర్వాత సూద్దాం తియ్” అన్నాడు.

ఊరుకున్నాను. నా నోట్లో ఏం బెల్లం గడ్డ ఉందో!

మా యాకయ్య మామకు వారానికి రెండుసార్లు డయాలసిస్. సోమక్క అత్త పొద్దున్నే ఊరి నుంచి వచ్చి లైన్లో నిలబడేది. “లైన్ల నిలవడుడు ఎందుకత్తా, ఫోన్ల బుక్ చెయ్. నేను రాసిందే అది” అని గొప్పలు పోయాను.

గురువారం దవాఖాన నుంచి అత్త ఫోన్ చేసింది.

“బిడ్డా, పదింటికి అన్ని ఫుల్ అంటాండ్రు. మంచాలు సూస్తే ఖాళీగనే ఉన్నయ్. మీ మామ మొకమంత ఉబ్బింది. జర నువ్వొక మాట చెప్పరాదు.”

“సిస్టంల ఫుల్ అంటే ఫుల్లే అత్తా. బుక్ చేసినోళ్లు వస్తాంటరు. రేపు పొద్దున రాండ్రి.”

థూ, నా బతుకు! నేను రాసింది తప్పు చెప్పదని నా ధీమా.

శుక్రవారం దవాఖానకు వచ్చే దారిలో, ఆటో ఆత్మకూరు దాటకముందే మామ పోయాడు.

మూడోనాడు ఆఫీసులో కూర్చుని ఆ రోజు రికార్డు తెరిచాను. గురువారం పదింటికి నాలుగు మిషన్ల మీదా దస్తీలున్నాయి. నాలుగూ బుధవారం మధ్యాహ్నం వెంటవెంటనే పడ్డవి. నాలుగుసార్లూ నెట్ మధ్యలో తెగింది. నాలుగింటికీ ఫోన్ నంబరు ఒక్కటే. అది సోమక్క అత్తది. సిగ్నల్ పోయినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి నొక్కింది పాపం.

భానుచందర్ నా వెనక నిలబడి చూశాడు. “నెట్‌వర్క్ ప్రాబ్లం అని రాసెయ్. మనదేం లేదు” అన్నాడు.

దస్తీ తీసే ముక్క రాశాను. పదకొండు నిమిషాలు పట్టింది.

సాయంత్రం ఊరికి పోయి అత్త పక్కన కూర్చున్నాను. ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను.

“నాలుగు మంచాలు ఆపుకొని రాకుండ పోయిండ్రట బిడ్డా. ఎవలో గని, ఆళ్ల చేతులిరిగిపోను! మీ మామ పానం తీసిండ్రు.”

ఆ నంబరు ఎవరిదో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“ఆళ్లు కాదత్తా, నేను” అన్నాను. “నేను రాసిందాంట్లనే తప్పుంది. మంచాలు ఖాళీగనే ఉండె.”

అత్త నా చెయ్యి తన మోకాలి మీది నుంచి తీసి పక్కన పెట్టింది.