లోగో చుట్టూ ఖాళీ జాగ

“లోగో చుట్టు గింత జాగ ఖాళీ ఒదిలినవేంది? ప్లాట్లు చేసి అమ్ముతవా?” అన్నాడు కైలాసం, ప్రూఫు కాగితం ఆడిస్తూ.

అతని భార్య అమల పిండి చేతులతోనే వంటింట్లోంచి వచ్చింది. “యూనివర్సిటోళ్ల రూల్ గట్లుంది. సాగదీయొద్దు, వంచొద్దు, దగ్గరికి ఏదీ రావొద్దు.”

“సదువుకున్నోళ్ల లొల్లి గదంత!” ఆమె చేసిన డిజైన్ల సీడీ జేబులో వేసుకుని పత్తర్‌గట్టి ప్రెస్సుకు పోయాడు.

లోగోలోని దీపం అమల గీసిందే. యూనివర్సిటీ ఇచ్చిన పాత అచ్చు అరిగి అరిగి వత్తి వంకాయైంది, ప్రమిద పడవైంది. ఇంకో ఏడాది ఆగితే ఊరంతా ఆ పడవెక్కి మూసీ దాటేదే. ఛత్రినాకలోని ఈ ముందు గదిలో, వంటకూ అత్తగారి కషాయానికీ మధ్య దొరికిన ముక్కల్లో, మూడు నెలలు చుక్కాచుక్కా కలిపి కంప్యూటర్లో మళ్లీ గీసింది. గుమ్మం మీది బోర్డు మాత్రం ‘కైలాసం గ్రాఫిక్స్’. పోనీ అనుకుంది. అదే యూనివర్సిటీకి ప్రైవేటుగా డిగ్రీ కట్టింది. ఆఖరి పేపరొక్కటే మిగిలింది, గురువారం రెండింటికి. పాసైతే డిగ్రీ పట్టా మీద, తను గీసిన దీపం కింద తన పేరు పడుతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

గురువారం పదకొండింటికి కైలాసం ఉరికొచ్చాడు. ఖాళీ చూసి ఓర్వలేక ప్రెస్సులో లోగోను అడ్డంగా లాగించాడట. ఆహ్వానాలు, ఫైలు అట్టలు, బ్యానర్లు అన్నీ యూనివర్సిటీ వాళ్లు వెనక్కి కొట్టారు.

“కూసో. కొలతలు గూడ మార్చమన్నరు, పొద్దుగూకేవరకు అన్నీ మళ్ల చెయ్యాలె.”

“రెండింటికి నా పరీక్ష.”

“పరీక్ష మళ్లేడు గూడ వస్తది. ఈ పార్టీ పోతే వస్తదా?”

లోపల్నుంచి అత్త లలితమ్మ అందుకుంది: “గిప్పుడు సదివి ఏం కలెక్టరైతవ్ బిడ్డా? మొగని ఇజ్జత్ సూడు.”

అమల కూర్చుంది. కూర్చున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది. హాల్ టికెట్ కీబోర్డు కింద ఉంది. రెండైంది. రెండున్నరైంది, ఇక లోపలికి రానివ్వరు. ఒక బొమ్మను ఎవరూ లాగకూడదని యూనివర్సిటీ వాళ్లు ఇంత పెద్ద కాగితం నిండా రాసి పంపారు. పెళ్లైన పదకొండేళ్లుగా తనను ఎవరెవరు ఎటెటు లాగారో, వద్దని ఎక్కడా ఎవరూ రాసిపెట్టలేదు.

దీపాలవేళకు కైలాసం ఈలేసుకుంటూ తిరిగొచ్చి సీడీ బల్ల మీద పడేశాడు. “మస్తు ఖుష్ అయిన్రు! దీపం ఎవరు గీసిన్రంటే నేనే అన్న. రేపట్నుంచి పట్టాలు గూడ మనకాడనే అచ్చు.” ఆమె ముఖం చూసి నవ్వాడు. “గట్ల మొఖం పెట్టకు. లోగో నీ కాడనే ఉందాయె, ఓ పట్టా నువ్వే కొట్టుకో!”

లలితమ్మ కూడా నవ్వింది.

వాళ్లు చాయ్‌కి లోపలికి పోయాక అమల సీడీని రెండుగా విరిచింది. తర్వాత కంప్యూటర్లో మిగిలిన దీపం ఫైలు మీద తుడిచే మీట నొక్కింది. ‘నిజంగానే తుడిచేయాలా?’ అని కంప్యూటర్ అడిగింది.

పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఆమె ఇష్టమేమిటని అడిగింది అదొక్కటే.

అవునంది.